కోనసముద్రం ఉక్కుముద్ద

ముత్యం వెల్డింగ్ చేస్తే అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదని మెసైమీర్ వర్క్‌షాపులో పేరుంది. ఖతర్‌కు వచ్చి పందొమ్మిదేళ్లయింది. ఆస్పత్రి మెట్లకు కడ్డీలు చేశాడు, మెట్రో స్టేషన్లకు చేతిపట్టీలు చేశాడు. అల్ తుమామాలో తెల్ల టోపీలాంటి స్టేడియం లేచినప్పుడు లోపలి వరసలకు కటకటాలు బిగించినవాళ్లలో అతనూ ఒకడు. కంపెనీలో నాలుగు దేశాల వెల్డర్లున్నా, సన్నపని వచ్చిందంటే ఫోర్‌మన్ ముందుగా పిలిచేది అతన్నే. ముత్యానికి అందులో వింతేమీ తోచేది కాదు. కమ్మరోళ్ల ఇంట్ల పుట్టినోని మాట ఇనుము ఇనకపోతే ఇంకెవ్వరి మాట ఇంటది, అని నవ్వి ఊరుకునేవాడు.

2022 వేసవిలో దోహా అంతా పెళ్లివారి ఇల్లులా ఉంది. ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు ఇంకా నాలుగు నెలలు. ఏ రోడ్డు చూసినా తవ్వకమే, ఏ గోడ చూసినా కొత్త రంగే. ఆ హడావుడిలోనే వర్క్‌షాపుకు ఒక చిత్రమైన పని వచ్చింది. అల్ తుమామాలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన తాత ముత్యాల వ్యాపారి. పెద్దాయన నలభై ఏళ్లుగా పాత కత్తులు, సముద్రపు పటాలు, బొమ్మలు కొని పోగేశాడు. ఇప్పుడు తన పాత విల్లాను ప్రదర్శనశాలగా మార్చి, ఆటలు చూడటానికి వచ్చే అతిథులందరికీ తెరవాలని ఆయన కోరిక. పనివాళ్లు ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవారు. పద్నాలుగు కత్తులకు స్టాండ్లు కావాలి. స్టాండు కనబడకూడదు, కత్తి గాలిలో నిలబడ్డట్టుండాలి. అందుకని ముత్యాన్ని పంపారు.

ఆ పనికి సూపర్‌వైజర్ సువార్తరావు. మచిలీపట్నం మనిషి. భార్య పెర్సిస్‌తో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర కాపురం. అక్కడ సెలవురోజు గనక ప్రతి శుక్రవారం చర్చిలో పాటలు పాడిస్తాడు, డ్రాయింగు చేతపడితే వెంట్రుకంత తేడాను కూడా పట్టేస్తాడు. ఆరేళ్లుగా అతనూ ముత్యమూ కలిసి పనిచేస్తున్నారు. గొడవల్లేవు గానీ, ఒకళ్లకొకళ్లు దగ్గరైందీ లేదు. సువార్తరావుకు తన ఊరి గురించి చెప్పుకోవడం ఇష్టం. మా బందరుకు హాలండు వాళ్లు వచ్చారు, ఇంగ్లీషువాళ్లు వచ్చారు, ఫ్రెంచివాళ్లు వచ్చారు, డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి అని టీ తాగేటప్పుడల్లా మొదలుపెట్టేవాడు. చివర్న ముత్యం వైపు తిరిగి, మీ వైపు ఏముందయ్యా, రాళ్లూ రప్పలూ తప్ప, అనేవాడు. హాస్యానికే. ముత్యం కూడా నవ్వేవాడు. కాని ఆ మాట వచ్చిన రోజు టీ మధ్యలోనే వదిలేసి లేచిపోయేవాడని సువార్తరావు ఎప్పుడూ గమనించలేదు.

విల్లాలో పని మొదలైంది. ముందుగదిలో గోడల నిండా పటాలు. నాలుగైదు వందల ఏళ్ల కింద ఓడలవాళ్లు గీసుకున్నవి. తెలిసిన తీరం సన్నగా గీతలతో నిండి ఉంటే, తెలియని సముద్రంలో ఈదుతున్న పెద్ద చేపలు. రెండో గదిలో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చిత్రకారులు వేసిన చిన్న చిన్న బొమ్మలు, ఒక పోర్చుగీసు ఫిరంగి. మూడోది కత్తుల గది. అక్కడ వస్తువులన్నిటికీ చరిత్ర రాస్తున్నది నఫీసా అనే ముప్పై ఏళ్ల అమ్మాయి. బోధన్‌లో పుట్టి, హైదరాబాదులో చరిత్ర చదివి, రెండేళ్లుగా అర్బాబ్ దగ్గర పనిచేస్తోంది. ముత్యం మాట్లాడిన రెండు ముక్కలకే అతను నిజామాబాద్ మనిషని పట్టేసి, ముత్యమన్నా అని పిలవడం మొదలుపెట్టింది. స్టాండు చేసేవాడికి ఆ స్టాండు మీద ఏముంటుందో తెలియాలని ఆమె పట్టుదల. కొలతలు తీసుకుంటున్నంతసేపూ చెబుతూ ఉండేది.

హోర్ముజ్ దీవిలో పోర్చుగీసువాళ్లు కోట కట్టి ఈ సముద్రం మీద నూరేళ్లు పెత్తనం చేశారని, చివరికి ఇరాన్ షా వాళ్లను వెళ్లగొట్టాడని చెప్పింది. ఇస్తాంబుల్‌లో, ఇస్ఫహాన్‌లో, ఢిల్లీలో కత్తి పట్టిన ప్రతి సుల్తానుకూ ఈ నీటి అలల ఉక్కే కావలసి వచ్చేదట. కత్తిని వెలుతురుకు పక్కవాటుగా పట్టి చూపించింది. ఉక్కు లోపల నుంచి సన్నటి అలలు తేలాయి, చెరువు మీద గాలి వీచినట్టు. ముత్యం చాలాసేపు చూశాడు. అది పైన చెక్కింది కాదని, ఉక్కు పుట్టుకలోనే ఉందని అతనికి చెప్పనక్కర్లేకపోయింది. ఈ ఉక్కు ఏడ చేసిండ్రు మేడమ్ అని అడిగాడు. హిందుస్థాన్ నుంచి వచ్చేదంటారు, పేరు మాత్రం కత్తులమ్మిన డెమాస్కస్‌ది మిగిలింది, అంది నఫీసా.

ఇదంతా జరిగిన మూడో రోజున ఒక గొడవ వచ్చింది.

గది మూలన ఒక ట్రేలో, ప్రదర్శనకు పనికిరావని తీసేసిన వస్తువులు కొన్ని ఉన్నాయి. విరిగిన ఒర, పిడి లేని బాకు, అరచేతిలో పట్టేంత నల్లటి ముద్ద ఒకటి. కొబ్బరిచిప్పలో పోసి గట్టిపడనిచ్చినట్టు ఒక వైపు గుండ్రంగా, ఇంకోవైపు చదునుగా ఉంది. ఎప్పుడో ఇరాన్‌లోని షీరాజ్‌లో కొన్న ఒక కత్తితోపాటు అదే పెట్టెలో వచ్చిందట. దాని కింద చీటీ మీద ఇంగ్లీషులో ఏదో ఉంది. ముత్యం సువార్తరావును అడిగితే చదివి చెప్పాడు. గుర్తు తెలియని లోహపు ముద్ద, బహుశా ఓడ అడుగున బరువు కోసం వేసినది, అని.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లారు. ముత్యం టేపు మరచిపోయి వెనక్కి వచ్చాడు. ట్రే పక్కనుంచి పోతూ ఆగాడు. ముద్ద అడుగున గోరంత మందాన మట్టిపెంకు అంటుకుని ఉంది. కాలి నల్లబడిన మట్టి. దాని మీద చిన్న చిన్న గీతల్లాంటి గుంటలు. అతను వంగి చూశాడు. ఇంకా వంగాడు. కుడిచేతి గ్లౌజు తీసేసి, ముద్దను ఎత్తి తిప్పి, ఆ మట్టి మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాశాడు.

గుమ్మంలో గార్డు కేక పెట్టాడు. లండన్ నుంచి వచ్చిన కన్సల్టెంటు, ప్రదర్శన ఎలా ఉండాలో నిర్ణయించే మనిషి, పరుగున వచ్చాడు. నాలుగు వందల ఏళ్ల వస్తువును ఉత్త చేత్తో ముట్టుకోవడమంటే అక్కడ దొంగతనం తర్వాతి నేరం. చేతి చెమట చాలు, తుప్పు మొదలవడానికి. అయిదు నిమిషాల్లో ముత్యం గేటు పాసు తీసేసుకున్నారు. మధ్యాహ్నపు ఎండలో రోడ్డు పక్కన కంపెనీ వ్యాను కోసం నిలబెట్టారు.

సువార్తరావు మొహం కందగడ్డలా అయింది. జరిగిందంతా రాసి రిపోర్టు ఇవ్వాల్సింది అతనే. వర్క్‌షాపు ఆఫీసులో ముత్యాన్ని ఎదురుగా కూర్చోబెట్టాడు.

"పందొమ్మిదేళ్ల సర్వీసయ్యా నీది. కొత్తగా వచ్చినవాడికి కూడా తెలుసు ముట్టుకోకూడదని. ఎందుకు ముట్టుకున్నావు?"

"గ్లౌజుల మీదికెల్లి ఊక తెల్వది సార్."

"ఏ ఊక?"

"వడ్ల ఊక. గా ముద్దకు అంటిన మన్నుల ఊక ఉన్నది. అది ఓడల ఏసిన బరువు కాదు సార్. మా ఊరి మూసల పుట్టిన ఉక్కు."

సువార్తరావు పెన్ను బల్ల మీద పెట్టాడు. ముత్యం చెప్పుకొచ్చాడు. మొదట్లో మాట తడబడింది, తర్వాత దారిన పడింది. అతనిది నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. ఊరి అంచున, మెట్ట చెల్కల వెంట, ఎక్కడ తవ్వినా ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం కుప్పలే. కాలిన మట్టి గిన్నెల ముక్కలు నాగలికి తగులుతూనే ఉంటాయి. వాటిని మూసలంటారు. చిన్నప్పుడు ముత్యం వాటితో ఆడుకున్నాడు. ఒకసారి తాత ఒక ముక్కను విరిచి, లోపల గింజంత గుంటలు చూపించాడు. మట్టిలో ఊక కలిపి తొక్కితే, నిప్పుల్లో ఊక కాలిపోయి దాని అచ్చు మిగులుతుంది. ఆ సందులుంటేనే మూస పగలకుండా వేడిని ఓర్చుకుంటుంది. ఇంట్లో కొలిమి కోసం ముత్యం తన కాళ్లతో అలాంటి మట్టిని ఎన్నోసార్లు తొక్కాడు. ఆ గుంటల ఆకారం అతని కాళ్లకూ తెలుసు, వేళ్లకూ తెలుసు. మూసలో ఇనుము పెట్టి, మూత వేసి, మట్టితో మూసి, పగలూ రాత్రీ తిత్తులు ఊది, నెమ్మదిగా చల్లారనిచ్చి పగలగొడితే లోపల ముద్ద దొరికేదని తాత చెప్పాడు. ఇరాన్ నుంచి షావుకార్లు వచ్చి నెలల తరబడి ఊళ్లోనే ఉండి, కొలిమి పక్కన నిలబడి ఉక్కు కొనుక్కుపోయేవాళ్లనీ చెప్పాడు. తాతకు కూడా అది విన్న మాటే, ఆయన చేసింది కాదు. ముసలాళ్లు పొద్దుపోక చెప్పుకునే కథ అనుకొని ముత్యం ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

సువార్తరావు మళ్లీ పెన్ను తీసుకున్నాడు. మామూలుగా ఇలాంటి రిపోర్టు నాలుగు వాక్యాలు. ఉద్యోగి అజాగ్రత్తగా ప్రవర్తించాడు, హెచ్చరించాం, మళ్లీ జరగదు, క్షమించండి. అతను రెండు పేజీలు రాశాడు. మూస, ఊక, చిట్టెం కుప్పలు, తాత, ఇరాన్ షావుకార్లు, ఒక్కటీ వదల్లేదు. మర్నాడు మేనేజరు చదివి, ఇది రిపోర్టా పురాణమా, నాలుగు లైన్లకు కుదించు అన్నాడు. సువార్తరావు ఆరేళ్లలో మొదటిసారి ఎదురు చెప్పాడు. మనిషి ఎందుకు చేశాడో రాయకుండా ఏం చేశాడో మాత్రమే రాస్తే అది అబద్ధంతో సమానమని, తను సంతకం పెట్టనని అన్నాడు. చివర్న ముత్యం సంతకం కూడా తీసుకుని విల్లాకు పంపించాడు.

మూడు రోజులు ముత్యాన్ని గోదాము గేట్ల పనిలో వేశారు. అతనికి శిక్ష గురించి బాధ లేదు. ఓడ అడుగున వేసే బరువు అన్న మాటే మింగుడుపడలేదు. నాలుగో రోజు పదకొండు గంటలకు, నిప్పురవ్వలు ఎగురుతున్న వర్క్‌షాపులోకి నఫీసా నడిచొచ్చింది. చేతిలో ఆ రెండు పేజీలు.

"ముత్యమన్నా, నిజంగా మీది కోనసముద్రమేనా?"

అవునన్నాడు ముత్యం. ఆమె అక్కడే ఉన్న ఇనుప పెట్టె మీద కూర్చుండిపోయింది. ఆ పేరును పుస్తకాల్లో చదివిందట. రెండు వందల ఏళ్ల కింద ఒక ఇంగ్లీషు డాక్టరు ఆ ఊరు వెళ్లి, ఉక్కు ఎలా చేస్తారో రాసిపెట్టాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన షావుకారు అక్కడ అతనికి ఎదురుపడ్డాడట. బోధన్‌లో పుట్టి పెరిగి కూడా ఆమె ఆ ఊరిని ఎప్పుడూ చూడలేదు. రెండు గంటల దూరం కూడా లేని ఆ ఊరికి ఒక్కసారైనా వెళ్లనందుకు తన మీద తనకే కోపంగా ఉందని చెప్పింది.

తర్వాత మెల్లగా మిగతాది చెప్పింది. గోల్కొండ సుల్తానులు ఏలిన కాలంలో ఆ ఉక్కు ఎడ్ల మీద సముద్రం దాకా వెళ్లేది. అక్కడ డచ్చివాళ్లు ఓడల కొద్దీ ఎక్కించి ఇరాన్‌కూ జావాకూ పంపేవాళ్లు. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నా కొలిముల పని ఆగలేదు. ఇంగ్లండులో యంత్రాల విప్లవం వచ్చాక మాత్రం వాళ్ల చౌక ఉక్కు మన సంతల్లోకే వచ్చిపడింది. మూసలు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. అక్కడి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు మన ముద్దల్ని తెప్పించుకుని, కోసి, కరిగించి, ఇందులో ఏముందో అని ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. వాళ్లు దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు కూడా మన ఉక్కు అన్న మాటను పలకలేక పలికిందేనని అంటారు.

సువార్తరావు పక్కనే నిలబడి వింటున్నాడు. "సముద్రం దాకా అన్నారు. ఏ రేవండీ?" అని అడిగాడు.

"మచిలీపట్నం," అంది నఫీసా.

అతను ముత్యం వైపు చూశాడు. ముత్యం అతని వైపు చూశాడు. ఆరేళ్లలో ఇద్దరూ ఒకేసారి ఒకే విషయానికి నవ్వింది అప్పుడే.

అయితే నఫీసా ఒక మాట ఖచ్చితంగా చెప్పింది. తాత చెప్పాడంటే కన్సల్టెంటు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడం ఆయన తప్పు కూడా కాదు. చూపించాలి. కొన్నేళ్ల కింద పరిశోధకులు ఆ ఊరి కుప్పల్ని కొలిచి, ఫొటోలు వేసిన వ్యాసాలున్నాయి, వాటిని తను వెతుకుతుంది. ముత్యం ఊరి నుంచి ముక్కల ఫొటోలు తెప్పించాలి, పక్కన స్కేలు పెట్టి.

ముత్యం భార్య సుమలతకు ఫోన్ చేశాడు. ఆమె అతని మేనత్త రాములవ్వను వెంటబెట్టుకుని చెల్కకు పోయింది. రాములవ్వకు డెబ్బై ఆరేళ్లు. చిన్నతనంలో తన తండ్రి కొలిమి దగ్గర తిత్తి ఊదిన మనిషి. వీడియోలో ఆమె ముఖం సగమే కనిపించింది.

"దుబాయిల నీకు గివెందుకురా? ఈడ బండెడు వడి ఉన్నయ్," అంది. గల్ఫ్ దేశాలన్నీ ఆమెకు దుబాయే.

విషయం చెప్పాడు. మన ఉక్కును ఓడల వేసే రాయి అన్నారని విన్నాక ఆమె ఇంకేమీ అడగలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని కూర్చుని, ముక్కలు ఏరి, మట్టి దులిపి, అడుగుభాగాలు ఒక పక్కకు, మూతలు ఒక పక్కకు పేర్చింది. ఒక ముక్కను రాయితో రెండుగా పగలగొట్టి, లోపలి నలుపును ఎండకు పట్టుకుంది. సుమలత స్కూలు స్కేలు పక్కన పెట్టి ముప్పై ఫొటోలు తీసింది. రాములవ్వ అడుగుభాగం ఒకటి అరచేతిలో పెట్టుకుని, దాని గుంటలో పిడికిలి ఆనించి, ముద్ద ఇంత ఉండాలె, కాదంటే అది మనది కాదు, అని చెప్పమంది.

నఫీసా ఆ ఫొటోలు అర్బాబ్‌కు చూపించడంతో, వారం తర్వాత విల్లాలో సమావేశం పెట్టారు. అర్బాబ్ స్వయంగా వచ్చాడు. తెల్ల గడ్డం, చేతికర్ర, తక్కువ మాట. కన్సల్టెంటు, నఫీసా, సువార్తరావు, ముత్యం. తెర మీద ఒక పక్క ముద్దకు అంటిన మట్టి, ఇంకో పక్క రాములవ్వ పగలగొట్టిన ముక్క. రెండింటిలోనూ అవే గుంటలు. కన్సల్టెంటు చాలాసేపు చూసి, పోలిక బాగుంది గానీ మట్టిలో వరి ఊక కలిపే ఊళ్లు ఆసియాలో ఎన్నో ఉన్నాయన్నాడు. అతను చెడ్డవాడు కాదు, నిక్కచ్చి మనిషి.

అర్బాబ్ ముత్యాన్ని అడిగాడు. ముద్దను చూసి నువ్వేం చెబుతావు?

ముత్యం ఈసారి గ్లౌజులు తొడుక్కున్నాడు. ముద్దను తిప్పి పైభాగం దీపం కిందికి తెచ్చాడు. నడిమి నుంచి అంచులకు సన్నగీతలు, మంచు పట్టినట్టు. హిందీలో చెప్పాడు, మధ్యలో తెలుగు దొర్లింది, నఫీసా అరబ్బీలోకి మార్చింది. ఈ గీతలు రావాలంటే లోపల ఇనుము అంతా నీళ్లయిపోవాలి, తొందర పడకుండా మూసలోనే చల్లారాలి. బరువు కోసమైతే ఇంత కష్టం ఎవడూ పడడు, రాయి వేస్తాడు. అడుగు గుండ్రం మా మేనత్త చేతిలో ఉన్న మూస గుంటకు సరిపోతుంది, కొలిచి చూసుకోండి. కన్సల్టెంటు ఫొటోలోని స్కేలుతో పోల్చి కొలిచాడు. సరిపోయింది.

"ఒక్కసారి కొట్టనిస్తే ఇంకోటి ఇనిపిస్త," అన్నాడు ముత్యం.

కన్సల్టెంటు వద్దనబోయాడు. అర్బాబ్ కర్ర ఎత్తి ఆపాడు. ముత్యం ముద్దను మెత్తటి గుడ్డ మీద మూడు వేళ్లతో నిలిపి, పెన్సిలంత ఇత్తడి కడ్డీతో అంచు మీద చిన్నగా తాకించాడు. సన్నటి, పొడుగాటి మోత గదంతా తిరిగి, ఆగడానికి చాలాసేపు పట్టింది. అర్బాబ్ కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత గోడ మీద పాత కత్తిని దించమని, దాన్నీ తాకించమన్నాడు. అదే గొంతు, కొంచెం వయసు తక్కువగా.

"హద్దాద్," అన్నాడు అర్బాబ్, ముత్యాన్ని చూస్తూ. అరబ్బీలో కమ్మరి అని అర్థం. అరబ్బుల్లో అది పెద్ద వంశాలకు ఇంటిపేరని నఫీసా తర్వాత చెప్పింది.

మోతను చీటీ మీద అచ్చు వేయలేనని కన్సల్టెంటు నవ్వాడు. కాని ఓడ బరువు మాట ఆ రోజే కొట్టేశాడు. ముద్ద నుంచి ఆవగింజంత లోహం, గోటి చివరంత మట్టి ప్రయోగశాలకు పంపారు. అయిదు వారాలకు సమాధానం వచ్చింది. మూసలో కరిగించిన ఉక్కే. మట్టి ఉత్తర తెలంగాణలో దొరికిన మూసల మట్టికి బాగా దగ్గర. నఫీసా ఆ కాగితాన్ని, కొత్త చీటీ రాతను పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చి చదివి వినిపించింది. మూస ఉక్కు ముద్ద, పదిహేడో శతాబ్దం కావచ్చు. బహుశా గోల్కొండ రాజ్యంలోని కోనసముద్రం ప్రాంతం. మచిలీపట్నం రేవు మీదుగా ఇరాన్‌కు చేరి ఉండవచ్చు.

ముత్యం ముఖం చిన్నబోయింది. "ఓడల రాయికి ఏసిన బహుశానే మా ఊరికి గూడ ఏసిండ్రా మేడమ్?"

నఫీసా తొందరపడలేదు. ఆ మట్టి మీ ఊరిదే కావచ్చు, పక్క ఊరిదీ కావచ్చు, ఆ కాలంలో ఆ చుట్టుపక్కల ఇంకా కొన్ని ఊళ్లలో ఈ పని జరిగింది అని చెప్పింది. ఆ పక్క ఊరి కమ్మరుల పేరు మీరు లాక్కుంటారా ముత్యమన్నా, అని అడిగింది. ముత్యం ఆలోచించాడు. ఆ పక్క ఊళ్లలోనే అతని అక్కచెల్లెళ్లను ఇచ్చారు.

"అట్లయితే ఉండనీయుండ్రి," అన్నాడు. "చూసినంతే చెప్పాలె."

స్టాండు మాత్రం తనే గీసిస్తానన్నాడు. కన్సల్టెంటు కోరింది కత్తుల్లాగే కనబడని స్టాండు. ముత్యం మూడు చువ్వల పటకారు గీశాడు, కొలిమిలోంచి మూసను అప్పుడే పైకి ఎత్తినట్టు. సువార్తరావు దాన్ని డ్రాయింగుగా ఎక్కించి, మిల్లీమీటర్లు వేసి, మొదటి ప్రయత్నంలోనే ఆమోదం తెచ్చాడు. ముత్యం దాన్ని వెల్డింగ్ చేయలేదు. వర్క్‌షాపు వెనక చిన్న నిప్పులగూడు పెట్టి, చువ్వల్ని ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీసి వంచాడు. నేపాలీలు, బెంగాలీలు పని ఆపి చుట్టూ చేరారు. పందొమ్మిదేళ్లలో అతను సుత్తి దెబ్బ వేయడం వాళ్లెవరూ చూడలేదు. ఒక్క దెబ్బ కూడా వృథా పోలేదు.

అక్టోబరులో, ఆటలకు నెల ముందు, ప్రదర్శన తెరిచారు. ముద్దను మూలన పెట్టలేదు. కత్తుల గదిలోకి అడుగుపెట్టగానే నట్టనడుమ, పద్నాలుగు కత్తులూ దాని చుట్టూ. ముత్యానికీ సువార్తరావుకూ అర్బాబ్ పేరు మీద అచ్చు వేసిన పిలుపులు వచ్చాయి. పెర్సిస్ ముత్యం చొక్కాను కూడా తెప్పించుకుని ఇస్త్రీ చేసి పంపింది. ఏ గేటు దగ్గర పాసు తీసేసుకున్నారో అదే గేటు దగ్గర గార్డు లేచి నిలబడి తలుపు తీశాడు.

అతిథులు చాలామంది. రాయబారులు, విలేఖరులు, సూట్లు వేసుకున్న ఆటల సంఘాలవాళ్లు. అర్బాబ్ రెండు మాటలు చెప్పి, ఇక ఈ ముద్ద గురించి దాని ఇంటివాళ్లే చెబుతారని ముత్యాన్ని ముందుకు పిలిచాడు. ముత్యం ఇది అనుకోలేదు. సువార్తరావు వీపు మీద చెయ్యి వేసి మెల్లగా తోశాడు. ఏ భాషలో అని నఫీసా అడిగింది. తెలుగులోనే చెబుతానన్నాడు.

"నా పేరు కమ్మరి ముత్యం. మా ఊర్ల ఇప్పుడు ఈ ఉక్కు చెయ్యరు. ఎట్ల చేసెటోల్లో పూరాగ ఎరుకున్నోడు గూడ లేడు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఈ కత్తులు పట్టిన రాజుల పేర్లన్ని మేడమ్ రాసింది, ఏ కోట ఎవ్వరు గెలిచిండ్రో గూడ రాసింది. ఉక్కు చేసినోల్ల పేర్లు ఎవ్వరు రాయలే. వాల్లు ఊక తొక్కిండ్రు, తిత్తి ఊదిండ్రు, మూస పలగ్గొట్టి ముద్ద తీసిండ్రు. గంతే. గా పని వాల్లు ఎంత మంచిగ చేసిండ్రో ఇగో, మీ ముందట ఉన్నది. చూడుండ్రి."

నఫీసా ముందు అరబ్బీలో, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. జనం చప్పట్లు కొట్టడం కంటే ముందు చేసిన పని, ఒక్కొక్కరే వంగి ముద్దను దగ్గరగా చూడటం. కన్సల్టెంటు వచ్చి ముత్యం చెయ్యి పట్టుకుని, ఆ రోజు గ్లౌజు తీసినందుకు తనింకా ఒప్పుకోనని, తీయకపోయి ఉంటే మాత్రం చాలా నష్టపోయేవాళ్లమని అన్నాడు. ముత్యానికి ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది. సువార్తరావు మిగతా సగం చెప్పాడు.

బయటికి వెళ్లే దారిలో బల్ల మీద అతిథుల పుస్తకం ఉంది. పైన అరబ్బీ, ఫ్రెంచి, ఇంగ్లీషు సంతకాలు. ముత్యం పెన్ను తీసుకుని, అక్షరం అక్షరం ఒత్తి, కమ్మరి ముత్యం, కోనసముద్రం అని తెలుగులో రాశాడు. పెన్ను సువార్తరావుకు ఇచ్చాడు. అతను ఆ కిందనే తన పేరు రాసి, ఊరి పేరు దగ్గర కాస్త ఆగి, బందరు అని రాశాడు. కుడివైపు మిగిలిన జాగాలో ఒక గీత గీసి రెండు ఊళ్లనూ కలిపాడు.

"ఎడ్ల మీద ఎన్ని రోజులు పట్టేదంటావు, మీ ఊర్నించి మా రేవుకి?" అని అడిగాడు.

ఇరవై రోజులన్నా పడుతుందని ముత్యం అన్నాడు. కాదు, వాగులు దాటాలి కాబట్టి నెల పడుతుందని సువార్తరావు అన్నాడు. ఆ లెక్క తేల్చుకుంటూ ఇద్దరూ ఎండలోకి నడిచారు.